నోరు విప్పని పళ్ళ డాక్టరు

అందరి నోళ్ళూ తెరిపించి లోపలికి తొంగిచూసే మనిషి, తన నోరు మాత్రం తెరవడు. మా తమ్ముడు పనిచేసిన చోటి పళ్ళ డాక్టరు సంగతి చెబుతున్నాను. ఆయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తమ్ముడిది కట్టుడు పళ్ళు చేసే పని. ఆసుపత్రి వెనక కిటికీ లేని గదిలో కూర్చుని, డాక్టరు పంపిన దవడ అచ్చుల్ని ఇనప చట్రంలో బిగించి, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, పై వరసా కింది వరసా కలుస్తున్నాయో లేదో చూసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఎందరికి పళ్ళు చేశాడో! ఆ పళ్ళతో ఒక్క మనిషైనా నవ్వగా చూడలేదు. ముందు గదిలోకి వాణ్ణి రానివ్వరు.

అక్కడొక పద్ధతుంది. పళ్ళ సెట్టు రోగి నోటికి కుదరకపోతే ఎర్రమూత డబ్బాలో పెట్టి తమ్ముడి బల్లమీద పడేసి పోతారు. ఏం కుదరలేదో చెప్పరు, వాడే వెతుక్కోవాలి. డబ్బా రాలేదంటే పని బాగున్నట్టు లెక్క. బాగుందని నోటితో అంటే ముత్యాలు రాలిపోతాయి కాబోలు! మెచ్చుకుంటే పనివాళ్ళు నెత్తికెక్కుతారన్నది ఆ మహానుభావుడి సిద్ధాంతం. మా వాడా, నోట్లో నాలుక లేనివాడు. "ఇవాళ ఎలా జరిగిందిరా?" అని అడిగితే, "డబ్బా రాలేదక్కా" అనేవాడు. అదే వాడి శుభవార్త.

ఆ మధ్య నెలల తరబడి డబ్బా రానేలేదు. వాడి నడకే మారిపోయింది. "చెయ్యి బాగా తిరిగిందక్కా. ఈసారి జీతం పెంచమని అడుగుతా" అన్నాడు. అడిగాడు కూడా.

డాక్టరు చేతులు కడుక్కుంటూ, తలైనా తిప్పకుండా అన్నాడట: "జీతమా? నువ్వు చేసే ప్రతి సెట్టూ ఎడమవైపు ఎత్తుగా వస్తోంది. ఇన్నాళ్ళూ నేనే అరగదీసి పెడుతున్నా. వచ్చే నెల నుంచి బయట చేయించుకుంటాను, నువ్వు మానెయ్."

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"నీకు చెప్పి చేయించడం కన్నా అరగదీసుకోవడమే తేలిక."

తమ్ముడు వెనక గదిలోకి పోయి చట్రం విప్పి చూశాడు. ఎడమ పక్క బిగించే మర అరిగి వదులైపోయి ఉంది. కొత్త మర వేస్తే తీరిపోయే తప్పు. మొదటి రోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంటికొచ్చి తన చేతులు తానే చూసుకుంటూ కూర్చున్నాడు. "తప్పుడు పళ్ళు చేసి ఇన్నాళ్ళూ మురిసిపోయానక్కా. ఇంక పళ్ళ జోలికి పోను" అన్నాడు. ఉద్యోగం పోయినందుకు కాదు, అలా మురిసిపోయినందుకు ఏడ్చాడు.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడే వెళ్ళి, బుగ్గలు పట్టుకుని కూర్చున్న రోగుల మధ్య నిలబడి అడిగేశాను.

"ఏమండీ డాక్టరు గారూ, తప్పైతే చెప్పరు, ఒప్పైతే చెప్పరు. దేవుడు మీకు నోరెందుకిచ్చాడండీ, అన్నం తినడానికేనా?"

ఆయన గడియారం చూసుకున్నాడు. "నాకు మాట్లాడే టైమ్ లేదమ్మా" అన్నాడు.

"అరగదీయడానికి మాత్రం ఉంది!" అనేసి వచ్చాను. అయినా కడుపుమంట చల్లారలేదు.

తమ్ముడు ఇంట్లోనే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. వాణ్ణి తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి ఇంకో ఆసుపత్రిలో చేర్పించాను. అక్కడ డాక్టరమ్మ. మొదటి సెట్టు ఇచ్చిన రోజు వాడు చెప్పులైనా విప్పకుండా వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైందిరా, ఏమన్నా అందా?"

"సెట్టులో చిగుళ్ళ రంగు కాస్త ముదురుగా వచ్చిందట, ఈసారి తగ్గించమంది. వరస మాత్రం చక్కగా కుదిరిందట. నన్ను ముందు గదిలోకి పిలిచి, ఆ పళ్ళు పెట్టించుకున్న పెద్దాయన నోట్లోనే చూపించిందక్కా. ఆయన నన్ను చూసి నవ్వాడు." కళ్ళు తుడుచుకుంటూ వాడూ నవ్వాడు.

"తప్పు చెప్పించుకుని ఇంత సంబరపడే మొహాన్ని నేనెక్కడా చూడలేదు" అని కసిరాను. నాకూ ఏడుపొచ్చింది మరి.

ఆవిడ అన్నది రెండే మాటలు. ఆ రెండు మాటలకు నోచుకోక మా వాడి సగం వయసు గడిచిపోయింది. ఆ డాక్టరు పళ్ళన్నీ రాలిపోను! రాలాక మా తమ్ముడి దగ్గరికే రావాలి. వచ్చి, ఎక్కడ నొక్కుతోందో నోరు తెరిచి చెప్పాలి.