బూడిదతో తోమిన వేళ్లు

“మీ వేలు పడట్లేదు మామ్మగారూ, నన్నేం చెయ్యమంటారు?”

“పడేట్టు చెయ్యడానికే కదమ్మా నీకు జీతం!”

“పది వేళ్లూ చూశానండీ. వేలికి బదులు కన్ను స్కాన్ చేద్దామంటే శుక్లం అడ్డమొస్తోంది.”

“బతికే ఉన్నానని నేనొచ్చి నిలబడితే చాలదూ?”

“నాకు చాలుద్దండీ. మిషనుకి చాలదు.”

మా వార్డు సచివాలయంలో ఉద్యోగం చేసే అమ్మాయితో నేను పడ్డ గొడవ ఇది. బియ్యం కార్డున్న వాళ్లంతా వేలిముద్ర వెయ్యాలన్నారు. మర్నాడే గడువు ఆఖరు. వెయ్యకపోతే పేరు తీసేస్తారు. నా కార్డులో ఉన్నది నేనొక్కదాన్నే. పేరు పోతే బియ్యం పోయినట్టే.

సర్కారు ఉద్యోగులంటే నాకు మొదట్నుంచీ గురి లేదు. చదివింది మూడో తరగతి. ఏ ఆఫీసుకెళ్లినా “సార్ మీటింగులో ఉన్నారు, రేపు రా” అన్న మాటే విన్నాను. అందుకే గొంతు పెంచాను. వెనక నిలబడ్డవాళ్లు “గట్టిగా అడుగు మామ్మా” అని ఎగదోశారు.

ఆ అమ్మాయి లేచొచ్చి నా చెయ్యి వెలుతురులోకి తిప్పింది.

“ఇలా కందిపోయాయేంటండీ?”

చెప్పాను. శుభ్రంగా ఉంటేనే మిషను తీసుకుంటుందనుకుని, బూడిదా కొబ్బరి పీచూ పెట్టి, అంట్లు తోమినట్టు వేళ్లు తోముకొచ్చానని.

“గీతలన్నీ మీరే అరగదీసుకొచ్చి నన్ను తిడుతున్నారా!” అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని బయటపడలేదు.

“రాత్రికి కొబ్బరినూనె రాసుకోండి. పొద్దున్నే అంట్ల జోలికెళ్లకండి. ఆఫీసుకొచ్చే ముందు నేనే మీ ఇంటికొస్తా.”

“నూనె దండగ.”

“చెంచాడు నూనెకి చూసుకుని కార్డు పోగొట్టుకుంటారా?”

వచ్చేటప్పుడు చూశాను, మధ్యాహ్నం దాటినా ఆ పిల్ల క్యారేజీ మూత తియ్యలేదు. అందరూ మంచివాళ్లని నేననను. పని ఎగ్గొట్టేవాళ్లను కళ్లారా చూశాను. కానీ రూలు పెట్టేది పైన ఎవరో, తిట్లు తినేది ఎదురుగా కూర్చున్నవాళ్లు. ఇంటికొస్తానన్న మాట మాత్రం నమ్మలేదు. అయినా నూనె రాసుకున్నాను.

మర్నాడు వాకిలి ఊడవకముందే స్కూటీ వచ్చి ఆగింది. కుడిచెయ్యి పడలేదు. ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చలైటు వెలిగింది. కాఫీ కలుపుతానంటే, పక్క వీధిలో ఇంకో పెద్దాయన ఉన్నాడంటూ బండెక్కి వెళ్లిపోయింది.