మొగ దగ్గర తెగిన దారం

నా చిన్నప్పుడు, మూడో తరగతిలో ఉండగా, మా నాన్న ఇంటిల్లిపాదినీ చేపల వేటకు తీసుకెళ్లిన రోజు ఒకటుంది. సోంపేటలో ఆటో ఎక్కి, జీడితోటలు దాటి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగాం. వానలకు మొగ తెరుచుకుని, సముద్రంలోంచి పండుగప్ప చేపలు ఏటిలోకి ఎదురెక్కే రోజులవి.

అప్పటికే నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు మా ఒక్క ఇంటిదే కాదు. పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టేవి కావు. అమ్మ వద్దంటే వినలేదు. "ఒక్కపాలి ఎల్లొద్దాం. పిల్లకి నేర్పాల గదా," అన్నాడు. ఎందుకంత తొందరో నాకు తెలియలేదు. అమ్మకు తెలిసినట్టుంది, గిన్నెలు సర్దింది.

అమ్మా తాతయ్యా సరుగుడు తోటలో పొయ్యి వెలిగించుకుంటుంటే, నేనూ నాన్నా నీటి అంచుకు వెళ్లాం. అందరిలా నాన్న గాలానికి వానపాము గుచ్చేవాడు కాదు. తెల్లకోడి ఈక కట్టి, దూరంగా విసిరి, చిన్న చేప తుళ్లిపడుతున్నట్టు దాన్ని నీళ్లలో ఆడించేవాడు. ఆ రోజు నాలుగైదు విసుర్లకే ఆయాసం వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. దారం చుట్టిన చెక్క నా చేతికిచ్చాడు.

నేను మూడోసారి విసిరినప్పుడు పడింది. భుజం దాకా గుంజేసింది. ఒక్కసారి నీళ్లమీదికి లేచి, తెల్లగా మెరిసి, మళ్లీ మునిగింది.

"లాగీకు తల్లీ! దారం ఒగ్గు. దాన్ని పోనీ. అలిసిపోతే అదే వస్తాది!"

వదిలితే పోతుందని నా భయం. చెక్కను రెండు చేతులా గుండెకు అదుముకుని వెనక్కి లాగాను. దారం టప్పున తెగింది.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న తిట్టలేదు. తెగిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు నీళ్లకేసి చూశాడు. ఆ చేప ఆయనకు ఎంత కావాలో అప్పుడు నాకు కొంచెం తెలిసింది. తర్వాత నా కళ్లు తుడిచి, "నువ్వేటీ సెప్పీకు. నాను సెప్తాను," అన్నాడు.

తోటలోకి రాగానే తాతయ్య అడిగాడు. "ఏట్రా, ఏటైనా పడిందేటి?"

"పెద్ద పండుగప్పే నాన్నా. నానే తెంపీసినాను."

తాతయ్య కొడుకు చేతులకేసి చూసి ముఖం తిప్పుకున్నాడు. నిజం చెప్పాల్సింది అప్పుడే. తిట్లు తప్పాయన్న సంబరంలో కంచం ముందు కూర్చున్నాను.

మళ్లీ వానలు రాకముందే నాన్న పోయాడు. పెద్దకర్మ రోజున, వచ్చినవాళ్లతో తాతయ్య అంటున్నాడు: "ఆడి సేతిలో దారం తెగడం నానెప్పుడూ సూళ్లేదు. ఆ దినం తెంపీసినానన్నాడు. అప్పుడే తెల్సిపోనాది నాకు, ఇంక మనకి దక్కడని."

గుమ్మం పక్కన నిలబడి విన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకుంటూనే పెద్దదాన్నయ్యాను. తాతయ్య ఆ మాట నమ్ముకునే పోయాడు.

ఒంట్లో ఒక్కొక్కటీ పోతున్న మనిషికి చేతి నేర్పున్నవాడన్న పేరు ఒక్కటే మిగిలింది. ఆ పేరును కూడా ఒక పిల్ల ఏడుపు ఆపడానికి నాన్న వదులుకున్నాడు. ఇప్పుడు నా పిల్లలు ఏ గిన్నో జారవిడిచి బెదురుగా నావైపు చూస్తే, "నేనే పడేశాను" అని ముందుగా అనేస్తాను. అది నాన్న నేర్పింది. తాతయ్యకు చెప్పలేకపోవడం మాత్రం నేను చేసుకున్నది. అందుకే, వినడానికి ఆయన లేకపోయినా చెబుతున్నాను.

తాతయ్యా, ఆ రోజు నాన్న చేతికి ఏమీ కాలేదు. దారం తెంపింది నేను.