ఇంటర్వెల్ తర్వాతి కథ

"సినిమా ఏమంత లేదు గానీ, ఆఖర్లో ఏడిపించినాడు." ఏ సినిమా చూసొచ్చినా మా తోడికోడలు ఇదే మాట అనేది. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరి ఆ ఆఖరు చెప్పించుకునేవాళ్లు. మా అత్త కూడా చెయ్యి ఆపి వినేది. నేను నోరు తెరిస్తే మాత్రం "ముందు కాయలు చూడు" అనేది.

నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే మా తోడికోడలు ఏ సినిమా ఆఖరూ చూడలేదు. మ్యాట్నీ సగంలో ఉండగానే కళ్యాణదుర్గంలో మా ఊరి చివరి బస్సు కదిలేది. ఇంటర్వెల్‌కే ఇద్దరం లేచి పరిగెత్తేవాళ్లం.

ఒకసారి ఆమెను పంపేసి, నేను మొత్తం చూసి, అప్పుడే కొత్తగా తిరుగుతున్న షేర్ ఆటోలో వచ్చాను. మరునాడు ఆమె చెబుతోంది: "ఆ పిల్ల పెట్టె పట్టుకోని రోడ్డుమీద నిలబడుంటే, బస్సు ఆపకుండా పోయె..."

"అంతా అబద్ధం. సినిమాలో ఆ పిల్లకీ హీరోకీ పెండ్లి చేసినారు" అన్నాను.

మా అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దానికోసమా అంతసేపు కూర్చుంటివి?" అని, తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పుమే, ఆ పిల్ల మళ్లా ఏమాయె?"

ఆమె చెప్పింది. ఆఖర్లో నాకూ ఏడుపొచ్చింది, ఆ పిల్ల కోసం మాత్రం కాదు, నా కోసం.