తాళంచెవి మరక

నన్ను పెళ్లికి అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజునే మా ఆయన వేలు ఉమ్మితో తడిపి నా ఎర్ర పావడా అంచు రుద్ది చూశాడు. రంగు వదులుతుందేమోనని! మా అమ్మ చీపురు కోసం వెతికింది. వేలికి ఏమీ అంటలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ బెలర్మీను మొహం మళ్లీ చూసేదాన్నే కాదు. నలభై ఆరేళ్లయినా ఆయన పక్కన సంతలో నడవాలంటే నాకు సిగ్గే. గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. బెల్లం అచ్చును గోరుతో గీకుతాడు. గుడిలో పాదిరీగారు వెలిగించిన కొవ్వొత్తిలో మైనం తక్కువైందని నా చెవిలో గొణుగుతాడు.

నిజం చెప్పాలంటే ఆ గుణమే మాకు కూడు పెట్టింది. మా సెర్టావు కరువుసీమ ముళ్ల అడవిలో గుర్రం మీద పశువుల్ని తోలే కాపరికి తోలు కోటు లేకపోతే ఒంటి మీద చర్మం మిగలదు. మా ఇంటి వెనక గదిలో ఆయన కోసి, రంగేసి, కుట్టిన కోటు పదేళ్లు ఎండలో తిరిగినా వెలిసిపోదు. తడి రంగును ఆయన నమ్మడు మరి. "తడిగా ఉన్నప్పుడు ప్రతి తోలూ పెళ్లికూతురేనే. ఆరాక చూడాలి దాని అసలు మొహం," అంటాడు. కోటు కోసిన మేకతోలులోంచే ముక్క కత్తిరించి, జాఫ్రా గింజలు బూడిద నీళ్లలో కాచిన ఎరుపు దానికి రాసి, ఆరబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తాడు. పొట్ట తోలు రంగు ఎక్కువ తాగుతుంది, వీపు తోలు తక్కువ తాగుతుంది. అందుకని రెండు ముక్కలు. అప్పుడుగానీ అసలు తోలును సమంగా తడిపి, గుడ్డ ఉండతో గుండ్రంగా తిప్పుతూ ఒక పల్చటి పూత వెయ్యడు. అది ఆరాక ఇంకోటి.

ఇనుము పేరెత్తితే మాత్రం ఆయనకు పూనకమే. చెట్టు బెరడు నీళ్లలో పదును చేసిన తోలు తడిగా ఉండగా ఇనుము తగిలిందంటే అక్కడ నల్లగా మచ్చ పడుతుంది, మరి పోదు. నల్లరంగు కావాలంటే మేమే తుప్పు మేకులు, పాత లాడాలు బెల్లం నీళ్లలో నెలరోజులు ఊరబెడతాం. ఆ తుప్పు కుండ కూడా పెరట్లో ఆ చివరే ఉండాలి. నేను వంటకత్తితో గుమ్మంలోకి వస్తే కప్పు ఎగిరిపోయేలా అరుస్తాడు.

లోకంలో ఆయన అనుమానించని మనిషి ఒక్కడే, ఒనొరాతు. మా అమ్మాయికి జ్ఞానతండ్రి. అందుకే ఇద్దరూ ఒకరినొకరు కుంపాద్రే అని పిలుచుకుంటారు. రోజూ సాయంత్రం ఆ గదిలోకి వచ్చి, కాఫీ తాగుతూ, రంగేసే తోలు కొస జారిపోకుండా పట్టుకుని కూర్చునేవాడు. రంగు కలిపే పాళ్లు కట్టుకున్న పెళ్లాన్ని, నాకే తెలియవు. ఒనొరాతుకు తెలుసు. నాకు కుళ్లుగా ఉండేది, దాచడమెందుకు.

అంతా బాగానే సాగుతుండగా ఒనొరాతు అల్లుడు నివాల్దు పక్క వీధిలో తోలు కొట్టు పెట్టాడు. పెట్టుకోనీ, బతకొద్దా? రంగు పాళ్లు ఎక్కడ బయటపడతాయోనని మా ఆయన మర్నాడే సంతకు పోయి తాళం కప్ప కొనుక్కొచ్చాడు. ఆనాటి నుంచి వెనక గదికి తాళం, ఆ చెవి తాడుకు కట్టి ఆయన మెడలో. నిద్రలో కూడా తియ్యడు.

జూలైలో కాపరుల పండుగ. గుర్రాలన్నీ గుడి ముందు బారులు తీరతాయి. ఆ రోజు తొడుక్కోవడానికి ముసలి కాపరి వల్దెవీను ఎర్ర కోటు కుట్టమని చెప్పాడు. రెండో పూత ఆరేసరికి ఛాతీ ముక్క మీద ఆవగింజంత నల్ల చుక్కలు. మా ఆయన నిమ్మరసం రుద్దాడు, పోలేదు. మర్నాడు ఇంకో నాలుగు. ఆ సాయంత్రం ఒనొరాతు వచ్చి కూర్చున్నాడు.

"కుంపాద్రే, నిన్న ఈ కొస పట్టుకున్నదెవరు?"

"నేనే. రోజూ నేనేగా."

"చేతికి ఏం రాసుకొచ్చావ్?"

ఒనొరాతు నవ్వాడు. "మొక్కజొన్న రవ్వ కుస్‌కుస్ తినొచ్చా. వెన్న అంటిందేమో, నాకి చూడు."

"ఇకిలించకు. చేతులు చాపు."

"నా చేతుల సంగతి తర్వాత. ముందు నీ మెడ..."

"నా సంగతి నాకు తెలుసులే! నా కోటు పాడైతే వల్దెవీను ఎవడి కొట్టుకు పోతాడు? నీ అల్లుడి కొట్టుకేగా!"

నా చేతిలో కాఫీ గిన్నె ఉంది. ఒనొరాతు రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. గ్లాసు నేల మీద పెట్టి లేచాడు. "నలభై ఏళ్లు నీ తోలు కొస పట్టుకున్నాను, బెలర్మీను," అన్నాడు. ఒనొరాతు మా ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

కొత్త తోలు కోశాడు మా ఆయన. ఈసారి లోపల గడియ వేసుకుని ఒక్కడే రంగేశాడు. మూడో రోజున మళ్లీ చుక్కలు! ఇప్పుడిక మిగిలింది నేనే కదా.

"నిజం చెప్పు జుల్మీరా. నేను నిద్రలో ఉండగా తాళంచెవి తీశావా?"

"నీ నోట్లో మన్ను పడ! ఒక్కగానొక్క మనిషిని తరిమేశావు, ఇప్పుడు నేనా? పద, నా ఎదురుగా రంగెయ్యి, చూస్తా!"

గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. తోలు తడిపాడు. గుడ్డ ఉండ ముంచి, వంగి, గుండ్రంగా తిప్పుతున్నాడు. వంగినప్పుడల్లా చొక్కాలోంచి తాడు జారి, ఆ చెవి తడితోలు మీద టక్కు టక్కుమని తగులుతోంది.

"ఏమయ్యా, నీ మెడలోదేంటి?"

"తాళంచెవి."

"దేంతో చేశారు?"

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని గోరుతో గీకి చూశాడు. ఆ గదిలో ఆయన అనుమానించని వస్తువు అదొక్కటే. నాకు నవ్వు రాలేదు. టోపీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

మా ఆయన ఒనొరాతు ఇంటికి ఎండలో వెళ్లాడు, వెనకాలే నేనూ వెళ్లాను. "మరక నాదే కుంపాద్రే," అన్నాడు మా ఆయన, టోపీ నలుపుతూ.

"తెలుసు. ఆ సాయంత్రమే చూశా నీ మెడలో. చెప్పబోతే చేతులు చాపమన్నావు." అన్నాడు ఒనొరాతు. "కాఫీకి వస్తాలే. ఆ గదిలోకి మాత్రం రాను. రేపు ఇంకో మచ్చ పడితే నువ్వు మళ్లీ నా చేతుల వంకే చూస్తావు."

తాళంచెవి తుప్పు కుండలో పడింది. కోటు నల్లరంగుకు మారింది, వల్దెవీను సణుగుతూనే తొడుక్కుని పండుగకు పోయాడు. ఒనొరాతు వచ్చాడు. పెరటి తలుపు బయట నిలబడి కాఫీ తాగి వెళ్లేవాడు. వారం అలాగే జరిగింది. ఎనిమిదో రోజున మా ఆయన బల్ల, రంగు గిన్నె, జాఫ్రా గింజలు అన్నీ మోసుకొచ్చి పెరట్లో పెట్టాడు. కంచె అవతల వీధే. నివాల్దు అటుగానే పోతాడు. పాళ్లు అందరికీ కనిపించేలాగే కలిపాడు.

తోలు కొస బల్ల మీంచి జారుతోంది. పట్టుకోమని అడగలేక ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ముందు చేతులు చూపించాలా?" అన్నాడు ఒనొరాతు.

మా ఆయన రంగు గిన్నెలో కన్నీళ్లు పడుతుంటే పక్కకు జరిపాడు, ఆ స్థితిలోనూ రంగు పాడవకూడదు మరి. ఒనొరాతు గ్లాసు నాకిచ్చి, వంగి, కొస పట్టుకున్నాడు.

"తిప్పు, బెలర్మీను. ఆరిపోతోంది."

ఇప్పటికి నాలుగేళ్లు. రోజూ వస్తాడు, రోజూ కొస పట్టుకుంటాడు. కుంపాద్రే అని మాత్రం మళ్లీ పిలవలేదు.