చైనా వాళ్ల మొక్కు

మొన్న ఉపమాకలో మా మనవడికి గుండు చేయించాం. జడ తెగగానే వాడు ఏడుపు అందుకున్నాడు. తడిసిన జుట్టు, చందనం కలిసిన ఆ వాసనకి నాకు చైనా రైతులు గుర్తొచ్చారు.

చిన్నప్పుడు నాకూ ఉపమాక వెంకన్న మొక్కు ఉండేది. అది తీరేదాకా కత్తెర తగలకూడదని మామ్మ రోజూ నూనె రాసి జడ వేసేది. నర్సీపట్నం బడిలో మగపిల్లలు, "ఏటే పాపా, పూలెట్టుకోలేదేటి?" అని ఏడిపించేవారు. వాళ్లని తప్పించుకోడానికి బడి వదలగానే లైబ్రరీలో దూరేవాణ్ణి.

అక్కడ ఒక పుస్తకంలో చివరి చక్రవర్తుల నాటి చైనా బొమ్మలున్నాయి. నాట్లు వేసే రైతు, కావడి మోసే కూలీ, వీధిలో మంగలి ముందు కూర్చున్న ముసలాయన. అందరికీ ముందు గుండు, వెనక పొడుగాటి జడ! ఇంటికి పరిగెత్తాను.

"మామ్మా, సైనాలో మగోళ్లందరికీ మొక్కుందే!"

"ముసిలోళ్లక్కూడానేటి? పాపం, ఎప్పుడు తీరుస్తారో!" అంది మామ్మ.

ఆ తర్వాత బడిలో ఎవరేమన్నా నేను పట్టించుకోలేదు. నా పక్కన ఒక దేశమే ఉంది.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, అది మొక్కు కాదు, బయటి నుంచి వచ్చి గెలిచిన రాజుల ఆజ్ఞ. జడ కోసుకున్నవాడికి తల పోయేది. అయినా ఆ రాజ్యం కూలి జడలు కత్తిరిస్తుంటే, చాలామంది మామూలు జనం ఏడ్చారట.

నాకది వింతగా అనిపించలేదు. అన్ని మాటలు పడ్డ నేను కూడా తెగిన జడని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. "మొక్కు తీరిపోయింది కదరా, ఇంకేటి ఏడుపు?" అంది మామ్మ.

మొన్న మనవడితో నేనా మాట అనలేదు. జడ వాడి చేతికిచ్చి పక్కన కూర్చున్నాను.