కృపాదానం గోటి కారం

మా నడికుడి రైల్వే క్వార్టర్లలో, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కృపాదానం చేపల్లో కారం గోటితో వేసేవాడు. అందుకోసమే చిటికెన వేలి గోరు పెంచాడు. కారం డబ్బాలో ఆ గోరు ముంచి, పైకి తీసి, ఎక్కువైందేమోనని ఒకసారి ఊది, మిగిలింది వేసేవాడు. మిరపచేల మధ్య పుట్టిన మనిషి చేసే పనేనా ఇది?

కొర్రమీను ముక్కలకి ఉప్పు, పసుపు, దంచిన ధనియాలు, నిమ్మరసం పట్టించి పెనం మీద చెంచాడు నూనెతో వేయించేవాడు. పక్కన కీరదోసకాయ, ఉల్లిపాయ, టమాటా, ముల్లంగి పచ్చివే తరిగి పెట్టేవాడు.

"ఈ పచ్చి ముక్కలు మనుషులకా, మీ గేదెకా?" అని అడిగాను ఒకసారి.

"గేదెకి నిమ్మకాయ పిండను గదక్కా" అన్నాడు.

ఈ వంట ఎక్కడ నేర్చావంటే, పెద్ద ఆఫీసర్లు తిరిగే సెలూను పెట్టెలో దొరలకి వండానని చెప్పేవాడు. ఇంకాస్త తరచి అడిగితే బండి వచ్చే వేళయిందని జెండా పట్టుకుని వెళ్లిపోయేవాడు. ఆ వేళకి మా స్టేషనుకి బండే లేదు. టైములన్నీ నాకు నోటికొచ్చు.

అతని భార్య పాపమ్మ చేపల పులుసు పెడితే తిన్నవాళ్ల ముక్కు కారాల్సిందే. చర్చి విందులకి ఆమే వండేది. యాభై తొమ్మిదిలో జబ్బుచేసి గుంటూరు ఆసుపత్రికి వెళ్లి వచ్చాక గరిట మొగుడి చేతికి పోయింది. అప్పటినుంచి విందుల్లో "నేను తర్వాత తింటాలే" అంటూ వడ్డించేదే గాని కూర్చునేది కాదు.

అరవై రెండులో కోతపండగకి గురజాల నుంచి వచ్చే పాస్టరుగారికి, సంఘ పెద్దలకి భోజనం వాళ్లింట్లో అని నిర్ణయమైంది. ఆ చప్పిడి చేపలు తిని పెద్దలు మా క్వార్టర్ల గురించి ఏమనుకుంటారు? మా క్వార్టర్ల వరస పరువు కాపాడదామని కొంగున గుప్పెడు కొత్తకారం కట్టుకుని వెళ్లాను. కృపాదానం బావి దగ్గర దోసకాయలు కడుగుతున్నాడు. నేను వంటింట్లో దూరి చేపముక్కల గిన్నె మూత తీశాను.

"వెయ్యబాక వదినా" అంది పాపమ్మ వెనకనుంచి.

"ఏమే, మీ పరువు కోసమేనే."

"వేస్తే నేను తినలేను. కడుపులో పుండు. డాక్టరు కారం గోరంతకి మించి వద్దన్నాడు."

"ఆ మాట మాకు చెప్తే ఏంది? నీకొక్కదానికి వేరే వండుకుంటే పోయేది గదా."

"నేనూ అదే అన్నా. నాకొక్కదానికే పథ్యం పెడితే రోగిష్టిదాన్నని అందరూ జాలిపడతారంట. అందుకని ఇంటిల్లిపాదికీ ఇదే తిండి పెట్టాడు. ఇయ్యాల అందరితో కూర్చోబెట్టి ఒకే గిన్నెలోది నాకూ పెట్టాలని పొద్దున్నుంచి ఆయన హడావిడి."

"మరి సెలూను?"

"సెలూను మెట్టు గూడా ఎక్కలేదు వదినా ఆయన."

మూడేళ్లుగా ఆ ఇంట్లోకి తొంగిచూస్తూ ఇంత సంగతి కనిపెట్టలేకపోయినందుకు నాకిప్పటికీ సిగ్గే.

దీపాలు పెట్టే వేళకి అందరం కూర్చున్నాం. పాపమ్మ కూడా కూర్చుంది. పెద్దల్లో ఇన్నయ్యగారు మొదటి ముద్దకే చెయ్యి ఆపాడు.

"కారం వెయ్యడం మర్చిపోయినట్టున్నారే."

పాపమ్మ ముద్ద కంచంలో వదిలేసి లేవబోయింది. నేను ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాను.

"ఇది సెలూను వంట ఇన్నయ్యగారూ. హామిల్టన్ దొర బదిలీ మీద పోతా పోతా మా కృపాదానాన్ని తనతో ఇంగ్లండు సీమకి రమ్మని బతిమాలాడు. ఈ వంట మా వరసలో తప్ప గుంటూరులో గూడా దొరకదు."

అంత గర్వంగా నేను నా సొంత పిల్లల గురించి కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. పాస్టరుగారు "నాకింకో ముక్క వెయ్యండి" అన్నారు. దాంతో ఇన్నయ్యగారు ముల్లంగి కూడా నమిలాడు.

కృపాదానం నాకు వడ్డిస్తూ వంగి, "దొర పేరు ఇంకోసారి చెప్పక్కా" అన్నాడు మెల్లగా.

పాపమ్మ రెండో ముక్క కూడా తిని వేళ్లు నాక్కుంది. తర్వాత, ఒకప్పుడు ఊరందరికీ వండిపెట్టిన మనిషి గొంతుతో, అందరూ వినేటట్టు అంది.

"ఏమయ్యా, ఉప్పు తగ్గింది."

కృపాదానం మొహం చేటంత అయింది.