మా పాత చర్చికి వేయించిన సీలింగ్

మా ఊరి పాత చర్చికి ఫాల్స్ సీలింగ్ వేయించాలని కమిటీలో పట్టుబట్టింది నేనే. రిటైరైన లెక్కల మాస్టారిని, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. భీమవరం కాలేజీ పిల్లలు ఫొటోల కోసం ఎలాగూ వస్తున్నారు, ఏసీలు కూడా పెడితే ఇంకో పదిమంది వస్తారు, కాసేపు కూర్చుంటారు అన్నాను. మా ఆవిడ వద్దంది. నలభై ఏళ్లుగా చర్చిలో పాటలు ఎత్తుకునేది తనే. పాట గొంతులో ఉంటుంది గానీ కప్పులో ఉంటుందా అని కొట్టిపారేశాను.

మా సంఘంలో ఒక అలవాటుంది. ప్రతి చరణం అయ్యాక అందరూ ఓ క్షణం ఆగుతారు. ముసలివాళ్లు ఊపిరి తీసుకోవడానికి కాబోలు అనుకునేవాణ్ణి.

సీలింగ్ పూర్తయ్యాక మొదటి ఆదివారం, చర్చి చల్లగా, తెల్లగా పెళ్లి హాల్లా ఉంది. మా ఆవిడ ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. చరణం అయింది. ఎప్పటిలాగే ఆగారు. ఏసీల హోరు తప్ప ఏమీ వినపడలేదు. అన్నేళ్లూ మేం ఆగింది, ఎత్తైన ఆ సున్నపు కప్పుకి తగిలి మా పాట మాకు తిరిగొచ్చేదాకానని అప్పుడు తెలిసింది.

రెండు వారాలకి మా ఆవిడ పాడటం మానేసింది. మైకు పెట్టిస్తానన్నాను.

"బావిలో చేద వేస్తే నీళ్ల చప్పుడు రానట్టుందండి. ఇంక నా వల్ల కాదు," అంది.

ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. నాకు నిజంగా భయం వేసింది. పోనీ కాలేజీ పిల్లలైనా కూర్చుంటున్నారా అంటే అదీ లేదు. ఇదివరకు లోపలికి రాగానే గొంతులు తగ్గించి, పైకి చూస్తూ బెంచీల మీద కూలబడేవాళ్లు, ఇప్పుడు సెల్ఫీ తీసుకుని చక్కాపోతున్నారు.

కమిటీలో లేచి, తప్పు నాదే, తీయించేద్దాం అన్నాను. ఎవరూ దెప్పలేదు, పాస్టరు గారు మాత్రం నవ్వాపుకోవడానికి దగ్గారు.

షీట్లు దింపేసిన శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఊడవడానికి వెళ్లాం. ఎవరో ఇద్దరు అమ్మాయిలు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. మా ఆవిడ చీపురు పక్కన పెట్టి, ఒక్క చరణం పాడి ఆగింది. పైనుంచి ఆ గొంతే మెల్లగా దిగొచ్చింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. అమ్మాయిలు ఫోన్లు దించేసి, ముందు బెంచీలో సర్దుకుని కూర్చున్నారు.

"ఇంకోటి పాడతారా అండీ?" అని ఒకమ్మాయి అడిగింది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరెళ్లి కుక్కరు పెట్టండి. నాకు ఆలస్యమవుద్ది," అంది.

వెళ్లి పెట్టాను. అంత సంతోషంగా నేనెప్పుడూ పొయ్యి వెలిగించలేదు.